జేడ్ చెక్కడానికి ఏ పవర్ టూల్ కొనాలి? ఆర్‌పీఎం కంటే ముందు నీళ్ళ సంగతి చూడండి

ఫోన్ కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? ప్రాసెసర్, ర్యామ్, బ్యాటరీ, ఐపీ రేటింగ్. నా మొదటి రోటరీ టూల్ కొన్నప్పుడు నేనూ అదే పద్ధతిలో స్పెక్స్ చూశా. బాక్స్ మీద 35,000 ఆర్‌పీఎం, 180 వాట్స్, వందకి పైగా యాక్సెసరీలు అని ఉంది. ధర ₹1,599. ఇంతకంటే ఏం కావాలి అనుకుని ఆర్డర్ పెట్టేశా. ఆ బాక్స్ మీద ఐపీ రేటింగ్ అనే లైనే లేదు. లేదన్న సంగతి కూడా నేను గమనించలేదు.

నాలుగో రోజు సాయంత్రం బాల్కనీలో కూర్చుని, స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొడుతూ ఒక ఆకుపచ్చ రాయిని గ్రైండ్ చేస్తున్నా. చూపుడు వేలు జివ్వుమంది. వైబ్రేషన్ అనుకున్నా. రెండోసారి జివ్వుమన్నప్పుడు అర్థమైంది, అది కరెంటు. ప్లగ్ పీకేసి చూస్తే, మోటార్ గాలి రంధ్రాల దగ్గర రాతిపొడి కలిసిన బూడిద రంగు నీళ్ళు. ఆ రోజు కాళ్ళకి రబ్బరు చెప్పులు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. తడి నేల మీద ఒట్టి కాళ్ళతో ఉండి ఉంటే ఈ ఆర్టికల్ రాసేవాణ్ణి కాదేమో.

అందుకే ఈ ఆర్టికల్‌లో ఒక్క విషయం గట్టిగా చెప్తా. జేడ్ పని అంటే నీళ్ళలో చేసే పని. కాబట్టి టూల్ ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్న "ఎంత స్పీడ్?" కాదు. "మోటార్ ఎక్కడ ఉంది, నీళ్ళు ఎక్కడ ఉన్నాయి?" అన్నదే మొదటి ప్రశ్న. మిగతా స్పెక్స్ అన్నీ దాని తర్వాతే.

ముందు రాయి గురించి తెలుసుకుందాం

జేడ్ అని మనం పిలిచేది నిజానికి రెండు వేర్వేరు రాళ్ళు. ఒకటి నెఫ్రైట్. చైనాలోని ఖోతాన్, న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, రష్యాలో బైకాల్ సరస్సు చుట్టుపక్కల దొరుకుతుంది. న్యూజిలాండ్ మావోరీలు దీన్ని పౌనము అంటారు. రెండోది జేడైట్. దీనికి మయన్మార్‌లోని కచిన్ రాష్ట్రం ఫేమస్. ధర కూడా నెఫ్రైట్ కంటే చాలా ఎక్కువ ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నెఫ్రైటే సరైనది.

మో స్కేల్ మీద నెఫ్రైట్ గట్టితనం 6 నుంచి 6.5, జేడైట్ 6.5 నుంచి 7. క్వార్ట్జ్ 7. అంటే మామూలు అగేట్ రాయి కంటే నెఫ్రైట్ కొంచెం మెత్తనిదే. మరి అంత కష్టం దేనికి? గట్టితనం వేరు, మొండితనం వేరు. గాజు గట్టిగా ఉంటుంది, కింద పడితే పగిలిపోతుంది. నెఫ్రైట్ లోపల సన్నని నారల్లాంటి స్ఫటికాలు చాప అల్లినట్టు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. పగులు మొదలైనా ముందుకు పోవడానికి దారి దొరకదు. అందుకే దీన్ని ఉలి, సుత్తి పెట్టి చెక్కలేం. అరగదీయడం ఒక్కటే మార్గం. "జేడ్ కార్వింగ్" అనే మాట మనం వాడతాం గానీ, జరిగేది మొత్తం అరుగుదలే.

స్టీల్ బిట్స్ దీని మీద పని చేయవు. రాయికంటే గట్టిది కావాలి, అంటే డైమండ్ లేదా సిలికాన్ కార్బైడ్. అరగదీస్తే వేడి పుడుతుంది, దుమ్ము లేస్తుంది. రెండింటికీ మందు నీళ్ళే. నీళ్ళు ఇక్కడ ఆప్షనల్ యాక్సెసరీ కాదు, టూల్‌లో భాగం.

మీ చేతిలో ఉన్నది జేడేనా?

టూల్ కొనేముందు రాయిని టెస్ట్ చేయండి. ఎందుకంటే నేను నాలుగు రోజులు కష్టపడి అరగదీసిన ఆ రాయి అసలు జేడే కాదు. మన మార్కెట్లో "ఇండియన్ జేడ్" పేరుతో అమ్మేది చాలావరకు అవెంచురిన్, అంటే క్వార్ట్జ్ జాతి రాయి. సర్పెంటైన్‌ని కూడా "న్యూ జేడ్" అని అమ్ముతారు.

టెస్ట్ చాలా సింపుల్. 0.1 గ్రాము వరకు చూపించే డిజిటల్ స్కేల్ ఒకటి చాలు. ముందు రాయి బరువు చూడండి. తర్వాత గ్లాసులో నీళ్ళు పోసి స్కేల్ మీద పెట్టి, రీడింగ్ జీరో చేయండి. రాయిని దారంతో కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకి, గోడలకి తగలకూడదు. ఇప్పుడు స్కేల్ చూపించే గ్రాములే ఆ రాయి వాల్యూమ్, ఘన సెంటీమీటర్లలో. ఆర్కిమెడిస్ సూత్రం అంతే. బరువుని దాంతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

నెఫ్రైట్‌కి సుమారు 2.9 నుంచి 3.03 రావాలి. జేడైట్‌కి 3.3 దాటాలి. క్వార్ట్జ్, అవెంచురిన్ 2.65 దగ్గర ఆగుతాయి. సర్పెంటైన్ 2.6 చుట్టూ ఉంటుంది. నా మొదటి రాయి 48 గ్రాములు, నీళ్ళలో రీడింగ్ 18.1. అంటే 2.65. డబ్బులు పోయాయి గానీ పాఠం వచ్చింది. తర్వాత తెప్పించిన బ్రిటిష్ కొలంబియా నెఫ్రైట్ ముక్క 61 గ్రాములు, రీడింగ్ 20.6. అంటే 2.96. అప్పుడు గుండె కుదుటపడింది.

స్పెక్ షీట్ ఎలా చదవాలి?

ఆర్‌పీఎం ఒక్కటే చూస్తే మోసపోతాం. రాయిని అరగదీసేది బిట్ అంచు. ఆ అంచు ఎంత వేగంగా కదులుతోంది అనేదే అసలు లెక్క. ఫార్ములా మనకి తెలిసిందే: పై × వ్యాసం × నిమిషానికి తిరిగే చుట్లు, దాన్ని 60తో భాగించాలి.

2 మిల్లీమీటర్ల బాల్ బిట్‌ని 30,000 ఆర్‌పీఎం మీద తిప్పితే అంచు వేగం సెకనుకి సుమారు 3 మీటర్లు. అదే స్పీడ్‌లో 20 మిల్లీమీటర్ల డిస్క్ పెడితే 31 మీటర్లు. పదింతలు! డిస్క్‌కి అంత స్పీడ్ ఇస్తే నీళ్ళు రాయి మీద నిలవవు, మీ మొహం మీద, గోడ మీద పడతాయి. చూడ్డానికి తడిగా ఉన్నా, కోత దగ్గర పొడిగానే తిరుగుతుంటుంది. డిస్క్ వేడెక్కి, డైమండ్ ఊడిపోతుంది. అందుకే నేను పాటించే రూల్: 20 మిల్లీమీటర్ల డిస్క్‌కి 8,000 నుంచి 12,000, చిన్న చిన్న బిట్స్‌కి 20,000 నుంచి 30,000. అంటే గరిష్ట స్పీడ్ కంటే, కింద స్పీడ్‌లో నిలకడగా తిరుగుతుందా లేదా అన్నది ముఖ్యం. ఏ బిట్ అయినా దాని మీద రాసి ఉన్న గరిష్ట ఆర్‌పీఎం దాటించకండి.

రెండోది టార్క్. చౌక టూల్స్‌లో స్పీడ్ తగ్గిస్తే బలం కూడా పడిపోతుంది. కొంచెం నొక్కగానే ఆగిపోతుంది. లోడ్ పడినప్పుడు స్పీడ్ నిలబెట్టే ఎలక్ట్రానిక్ ఫీడ్‌బ్యాక్ ఉందో లేదో చూడండి. ఫోన్లో బెంచ్‌మార్క్ స్కోర్ బాగుండి, గేమ్ ఆడితే థ్రాటిల్ అయ్యే ప్రాసెసర్ గుర్తుందా? ఇదీ అంతే.

మూడోది కొలెట్ సైజు. రోటరీ టూల్స్ బిట్స్ ఎక్కువగా 3.2 లేదా 3 మిల్లీమీటర్ల షాంక్‌తో వస్తాయి. డెంటల్, నగల పని బిట్స్ 2.35 మిల్లీమీటర్లు. టూల్ కొన్నాక బిట్ పట్టకపోతే అదో తలనొప్పి. రెండు సైజుల కొలెట్లు ఇచ్చేది తీసుకోండి.

నాలుగోది రనౌట్, అంటే బిట్ తిరిగేటప్పుడు ఎంత ఊగుతుందో. ఇది ఏ బాక్స్ మీదా రాయరు. సన్నని బిట్ పెట్టి, తక్కువ స్పీడ్‌లో తిప్పి, ఫోన్ స్లో మోషన్ వీడియోలో చూడండి. మొన గీతలా కనపడాలి. కోన్‌లా కనపడితే రాయి మీద బిట్ కొట్టుకుంటుంది, రంధ్రం అంచులు చిట్లుతాయి.

మూడు రకాల టూల్స్, ఒక్కొక్కటిగా

*1. చేతి రోటరీ టూల్*

అందరికీ తెలిసిన డ్రెమెల్ తరహా టూల్. మోటార్, బిట్ రెండూ ఒకే బాడీలో ఉంటాయి. ఉదాహరణకి డ్రెమెల్ 4000 మోడల్ 175 వాట్స్, 5,000 నుంచి 35,000 ఆర్‌పీఎం. చెక్క, ప్లాస్టిక్, ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డ్ పనులకి అద్భుతం.

జేడ్‌కి సమస్య ఎక్కడంటే, 230 వోల్టుల మోటార్ మీ అరచేతిలో ఉంటుంది. అది చల్లబడటానికి బయటి గాలి పీల్చుకుంటుంది. ఆ గాలితో పాటు నీటి తుంపర, రాతి బురద లోపలికి పోతాయి. బేరింగ్ అరిగిపోతుంది, ఒక్కోసారి నాకైనట్టు షాక్ కొడుతుంది. ఇది ఏ ఒక్క కంపెనీ తప్పూ కాదు, ఆ డిజైన్ తడి పని కోసం చేసింది కాదు, అంతే.

ఇప్పటికే మీ దగ్గర రోటరీ టూల్ ఉంటే పారేయక్కర్లేదు. దానికి ఫ్లెక్స్ షాఫ్ట్ అటాచ్‌మెంట్ దొరుకుతుంది. టూల్‌ని పైన స్టాండ్‌కి వేలాడదీసి, కింద సన్నని హ్యాండ్‌పీస్ పట్టుకోవచ్చు. నేరుగా పట్టుకుని వాడటం కంటే వెయ్యి రెట్లు నయం.

*2. వేలాడే మోటార్, ఫ్లెక్స్ షాఫ్ట్*

టూల్ పాడయ్యాక మా వీధి చివర బంగారం పని చేసే ఆచారి గారి దగ్గరికి వెళ్ళా. ఆయన బల్ల పైన కొక్కేనికి ఒక మోటార్ వేలాడుతూ ఉంటుంది. దాన్నుంచి నల్లటి పైపు లాంటిది కిందకి దిగి, చివర పెన్ను లాంటి హ్యాండ్‌పీస్. కాలి కింద పెడల్.

"మోటార్ పైన ఎందుకు పెట్టారండీ?" అని అడిగా.

"చెయ్యి పని చెయ్యాలి గానీ బరువు మొయ్యకూడదు బాబూ" అన్నారు ఆయన.

ఆయన చెప్పింది బరువు గురించి. నాకు మాత్రం నీళ్ళ గురించి లైట్ వెలిగింది. మోటార్ తల పైన, నీళ్ళు బల్ల మీద. మధ్యలో మీటరు దూరం. చేతిలో ఉన్న హ్యాండ్‌పీస్‌లో కరెంటే లేదు, లోపల తిరిగే తీగ మాత్రమే ఉంది.

ఈ తరగతిలో ప్రపంచమంతా పేరున్నది అమెరికా కంపెనీ ఫోర్డమ్. దాని ఎస్ఆర్ మోడల్ 1/6 హార్స్‌పవర్, 18,000 ఆర్‌పీఎం వరకు. మన దగ్గర దాని ధర ఎక్కువ. కానీ నగల పనిముట్లు అమ్మే షాపుల్లో ఇదే పద్ధతిలో లోకల్‌గా తయారైన మోటార్లు చాలా తక్కువకి దొరుకుతాయి. నేను తీసుకున్నది ₹4,200 పడింది, పెడల్‌తో కలిపి.

ప్లస్ పాయింట్లు: తక్కువ స్పీడ్‌లో మంచి బలం, రెండు చేతులూ రాయి మీదే ఉంచి కాలితో స్పీడ్ మార్చుకోవచ్చు, హ్యాండ్‌పీస్ పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. మైనస్ పాయింట్లు: షాఫ్ట్‌ని గట్టిగా వంచితే వేడెక్కుతుంది, అప్పుడప్పుడు గ్రీజు పెట్టాలి, సన్నని గీతల పనికి షాఫ్ట్ కొంచెం అడ్డం పడుతుంది.

*3. మైక్రోమోటార్*

డెంటల్ ల్యాబుల్లో, నెయిల్ ఆర్ట్ షాపుల్లో వాడేది. ఒక కంట్రోల్ బాక్స్, దానికి వైరుతో చిన్న హ్యాండ్‌పీస్. కొరియా కంపెనీ సేషిన్ తయారు చేసే స్ట్రాంగ్ సిరీస్ బాగా పాపులర్, 35,000 ఆర్‌పీఎం వరకు వెళ్తుంది. మార్కెట్లో దాని నకిలీలు కూడా బోలెడు, జాగ్రత్త.

ఇక్కడ మోటార్ హ్యాండ్‌పీస్‌లోనే ఉంటుంది. కానీ దానికి వెళ్ళేది 230 వోల్టులు కాదు, కంట్రోల్ బాక్స్ నుంచి వచ్చే తక్కువ వోల్టేజ్ డీసీ. షాక్ భయం బాగా తగ్గుతుంది. బాక్స్‌ని మాత్రం నీళ్ళకి దూరంగా, బల్ల కంటే ఎత్తులో పెట్టాలి. వైబ్రేషన్ చాలా తక్కువ, పెన్సిల్‌తో రాసినట్టు ఉంటుంది. సన్నని గీతలు, ఆకుల ఈనెలు, అక్షరాలు చెక్కడానికి దీన్ని మించింది లేదు.

మైనస్ ఏంటంటే పెద్ద డిస్క్ పెట్టి గట్టిగా నొక్కితే మోటార్ వేడెక్కి కాలిపోతుంది. హ్యాండ్‌పీస్ మొన పైకి పెట్టి పని చేస్తే నీళ్ళు వెనక్కి కారి బేరింగ్‌లోకి పోతాయి. మొన ఎప్పుడూ కిందకే ఉండాలి.

యాంగిల్ గ్రైండర్, మార్బుల్ కట్టర్ సంగతి?

పెద్ద రాయిని పలకలుగా కోయడానికి డైమండ్ బ్లేడ్, నీటి ట్యాంక్ ఉన్న టేబుల్ సా కావాలి. కొంతమంది 4 అంగుళాల గ్రైండర్‌కి డైమండ్ బ్లేడ్ బిగించి కోసేస్తుంటారు. ఆ బ్లేడ్ అంచు 11,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 57 మీటర్ల వేగంతో కదులుతుంది. చిన్న రాయిని చేత్తో పట్టుకుని దాని ముందు పెట్టడం అంటే వేళ్ళతో జూదం. నా సలహా: మొదటి సంవత్సరం పలకగా కోసిన నెఫ్రైట్ ముక్కలే కొనండి. 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందం ఉంటే లాకెట్లకి సరిపోతుంది. ఒక మెషీన్ ఖర్చు, ఒక ప్రమాదం రెండూ తప్పుతాయి.

బిట్స్: డబ్బులు ఇక్కడ పెట్టండి

డైమండ్ బిట్స్ రెండు రకాలు. ప్లేటెడ్ బిట్స్‌లో స్టీల్ మీద నికెల్ పూతతో ఒకే పొర డైమండ్ అతికిస్తారు. చౌక, కొత్తలో చురుగ్గా కోస్తాయి. ఆ పొర అరిగిందంటే బిట్ పని అయిపోయినట్టే. సింటర్డ్ బిట్స్‌లో లోహపు పొడి, డైమండ్ కలిపి ముద్దగా కాలుస్తారు. పై పొర అరిగితే లోపల కొత్త డైమండ్ బయటపడుతుంది. ధర చాలా ఎక్కువ, కానీ చాలా ఎక్కువ కాలం వస్తాయి.

30 బిట్స్ సెట్ ₹300కి వచ్చింది కదా అని సంబరపడకండి. నేనూ పడ్డా. అందులో నాకు నిజంగా పనికొచ్చినవి ఐదే ఆకారాలు: 20 మిల్లీమీటర్ల కోత డిస్క్, 8 లేదా 10 మిల్లీమీటర్ల సిలిండర్, 3 మిల్లీమీటర్ల బాల్, మొన తేలిన కోన్, 2 మిల్లీమీటర్ల రంధ్రం బిట్. మొదట ప్లేటెడ్‌తో నేర్చుకోండి, ఎక్కువగా వాడే రెండు ఆకారాలు ఏవో తేలాక అవి మాత్రం సింటర్డ్‌లో కొనండి. బిట్‌ని గట్టిగా నొక్కొద్దు. పెన్ను బరువు చాలు. నొక్కితే కోత పెరగదు, వేడే పెరుగుతుంది.

నీళ్ళు, కరెంటు, దుమ్ము: సెటప్ ఇలా చేసుకోండి

నీళ్ళ కోసం ఫ్యాన్సీ పంపు అక్కర్లేదు. మెడికల్ షాపులో కొత్త సెలైన్ డ్రిప్ సెట్ కొని, పైన నీళ్ళ బాటిల్ వేలాడదీశా. రోలర్ క్లాంప్‌తో సెకనుకి ఒకటి రెండు చుక్కలు బిట్ మొన మీద పడేలా సెట్ చేసుకోవచ్చు. కింద అంచులున్న స్టీల్ ట్రే. ఎదురుగా పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్. మొత్తం ఖర్చు ₹300 దాటలేదు.

ఇక కరెంటు. మన ఇళ్ళల్లో ఎంసీబీ ఉంది కదా అనుకుంటాం. ఎంసీబీ కాపాడేది వైరింగ్‌ని, మనిషిని కాదు. మనిషి ప్రాణం తీయడానికి సరిపోయే కరెంటు ఎంసీబీకి లెక్కే కాదు, అది ట్రిప్ అవ్వదు. మనకి కావలసింది 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు మధ్య తేడా కనిపించిన వెంటనే, అంటే కొంత కరెంటు మీ ఒంట్లోంచి భూమిలోకి పోతోందని తెలిసిన వెంటనే, సప్లై కట్ చేస్తుంది. మీ మెయిన్ బోర్డులో ఉందో లేదో చూడండి. ఉంటే దాని మీద టెస్ట్ బటన్ నొక్కి పని చేస్తోందో చెక్ చేయండి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించుకోండి. నాకు షాక్ కొట్టిన రోజు మా అద్దె ఇంట్లో ఆర్‌సీసీబీ లేదు. టూల్ కంటే ముందు కొనాల్సింది ఇదే. ప్లగ్ పాయింట్ బల్ల కంటే ఎత్తులో ఉండాలి. వైరు బోర్డు నుంచి కిందకి వంపు తిరిగి రావాలి, అప్పుడు వైరు మీద కారే నీళ్ళు ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి.

దుమ్ము గురించి సీరియస్‌గా వినండి. నెఫ్రైట్‌లో ఉండేవి ట్రెమొలైట్, ఆక్టినొలైట్ ఖనిజాలు. ఇవే ఖనిజాలు నారల రూపంలో దొరికితే ఆస్బెస్టాస్ కిందకి వస్తాయి. నెఫ్రైట్ రాయి చేతిలో పట్టుకుంటే ఏ ప్రమాదమూ లేదు. పొడిగా గ్రైండ్ చేసి ఆ దుమ్ము పీలిస్తేనే ప్రమాదం. నా మొదటి రాయి లాంటి క్వార్ట్జ్ జాతి అయితే సిలికోసిస్ భయం. గుజరాత్‌లోని ఖంభాత్‌లో తరతరాలుగా అగేట్ రాళ్ళు అరగదీసే కార్మికుల్లో ఎంతోమంది ఊపిరితిత్తులు ఈ జబ్బుతో పాడయ్యాయి. ఒకసారి వస్తే తగ్గే జబ్బు కాదది. వాళ్ళకి అది బతుకుతెరువు, మనకి హాబీ. హాబీ కోసం ఊపిరితిత్తులు పోగొట్టుకోవడంలో అర్థం లేదు.

కాబట్టి ఒక్క నిమిషం పని అయినా తడిగానే చేయాలి. తుంపరలో కూడా పొడి ఉంటుంది కాబట్టి కనీసం ఎన్95 మాస్క్, వీలైతే పీ100 ఫిల్టర్ల మాస్క్ పెట్టుకోండి. పని అయ్యాక బురద ఆరకముందే తడి గుడ్డతో తుడిచేయండి. ఆరాక చీపురుతో ఊడిస్తే ఇంతసేపు నీళ్ళు వాడి లాభం ఏముంది? ఆ బురదని సింకులో పోయకండి, పైపు బిగుసుకుపోతుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. తిరిగే టూల్ దగ్గర గ్లవ్స్ వద్దు, చుట్టుకుంటాయి. ఆఫీసు నుంచి వచ్చి అలాగే కూర్చుంటారేమో, మెడలో ఐడీ కార్డ్ ట్యాగ్ ముందు తీసేయండి.

నా మొదటి లాకెట్ లెక్క

38 × 22 మిల్లీమీటర్ల నీటిబొట్టు ఆకారం, 7 మిల్లీమీటర్ల మందం. వీకెండ్స్‌లో చేస్తూ టైమ్ నోట్ చేసుకున్నా. డిస్క్‌తో అంచులు కోయడానికి గంటన్నర. సిలిండర్ బిట్‌తో ఆకారం తేవడానికి 3 గంటలు. రంధ్రానికి అరగంట. రంధ్రం రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెంగా వేయాలి, ప్రతి రెండు మూడు సెకన్లకి బిట్ బయటికి తీసి నీళ్ళు లోపలికి పోనివ్వాలి. ఒకే వైపు నుంచి తోసేస్తే అవతలి అంచు చిట్లిపోతుంది.

మొత్తం మోటార్ పని 5 గంటలు. తర్వాత చేత్తో తడి శాండ్‌పేపర్: 220, 400, 600, 800, 1200, 2000, 3000. దీనికి పట్టింది 9 గంటలు! చివర్లో తోలు ముక్క మీద 3 మైక్రాన్, 1 మైక్రాన్ డైమండ్ పేస్ట్. అంటే 14 గంటలు దాటిన పనిలో మోటార్ వాటా మూడో వంతు మాత్రమే. ఖరీదైన మోటార్ కొంటే ఈ 9 గంటలు తగ్గవు.

ఇక్కడ ఫోన్ బాగా పనికొస్తుంది. ప్రతి గ్రిట్ తర్వాత రాయిని పూర్తిగా తుడిచి ఆరనివ్వండి, ఎందుకంటే తడి గీతల్ని దాచేస్తుంది. ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి ఏటవాలుగా వేసి, మ్యాక్రో మోడ్‌లో చూడండి. పాత గ్రిట్ గీతలు ఒక్కటి కనిపించినా ముందుకు వెళ్ళకండి. నేను 400 దగ్గర తొందరపడి, 2000 దగ్గర ఒక గీత కనిపించి, మళ్ళీ 400కి వచ్చా. ఆ 9 గంటల్లో రెండు గంటలు దానికే పోయాయి.

ఫైనల్ వెర్డిక్ట్: ఎవరు ఏది కొనాలి?

ఇప్పటికే రోటరీ టూల్ ఉన్నవాళ్ళు: కొత్త మోటార్ వద్దు. ఫ్లెక్స్ షాఫ్ట్ అటాచ్‌మెంట్, వేలాడదీసే స్టాండ్, ఆర్‌సీసీబీ. అంతే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు: నగల పనివాళ్ళు వాడే వేలాడే మోటార్, ఫుట్ పెడల్‌తో. డబ్బుకి తగ్గ విలువ, భద్రత, బలం మూడూ ఇందులోనే ఉన్నాయి. నా ఓటు దీనికే.

సన్నని డిజైన్లు, అక్షరాలు చెక్కాలనుకునేవాళ్ళు: మైక్రోమోటార్. కానీ ఆకారం తెచ్చే మొరటు పని దాంతో చేయించకండి. ఒకే టూల్ కొనగలిగితే ఇది రెండో స్థానమే.

పరికరాలన్నీ ఒకేసారి కొనే డబ్బు లేకపోతే వరస ఇది: ఆర్‌సీసీబీ, మాస్క్, కళ్ళద్దాలు, సాంద్రత టెస్ట్ చేసిన రాయి, శాండ్‌పేపర్లు, బిట్స్, చివరగా మోటార్. తలకిందులుగా ఉందనిపిస్తుంది గానీ, నేను సరిగ్గా దీనికి రివర్స్‌లో కొని నష్టపోయా.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ వస్తువులున్న గదికి వెళ్ళండి. జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్ల కత్తి అని చూపించేవి అక్కడే ఉన్నాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశా. లాకెట్ చేశాక మళ్ళీ వెళ్ళి ఒక్కో పిడి ముందు చాలాసేపు నిలబడ్డా. ఆ కాలంలో మోటార్ లేదు, డ్రిప్ సెట్ లేదు. విల్లు తాడుతో తిప్పే చక్రం, గట్టి రాతిపొడి, నీళ్ళు, బోలెడంత ఓపిక. నాలుగు వందల ఏళ్ళలో మనం మార్చింది చక్రాన్ని తిప్పే పద్ధతి మాత్రమే. నీళ్ళు, ఓపిక ఇప్పటికీ మనమే తెచ్చుకోవాలి.